కట్టినా రెయిజే, కూల్చినా రెయిజే

ఇంగ్లీషులో ఒక చిత్రమైన మాటల జంట ఉంది. పలకడం ఒకటే, అర్థాలు మాత్రం బద్ధవిరోధులు. ఒక రెయిజ్ అంటే లేపడం, నిలబెట్టడం, గోడ ఎత్తడం. ఇంకో రెయిజ్ అంటే ఆ గోడను ఆనవాలు లేకుండా నేలమట్టం చేయడం. రాతలో మొదటిదానికి ఎస్, రెండోదానికి జడ్ ఉంటాయి గనక కాగితం మీద చిక్కు లేదు. తెలుగు లిపిలో రాస్తే ఆ కాస్త తేడా కూడా పోతుంది.

పర్చూరు వైపు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన రోజుల్లో ఈ జంట నాకు బాగా అక్కరకొచ్చేది. “రాజు కోటను రెయిజ్ చేశాడు” అని నోటితో చెప్పి, ఆ రాజు మంచివాడా చెడ్డవాడా అని అడిగేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీవాడు లేచి, “ఎవరి కోటనో చెప్పండి సార్, అప్పుడు చెబుతాం” అన్నాడు. వాడిప్పుడు చిలకలూరిపేటలో వకీలు.

ఈ జడ్ ఉన్న రెయిజ్ పుట్టుక లాటిన్‌లో ఉంది. అక్కడ రాడెరె అనే క్రియకు గీకడం, గొరగడం అని అర్థం. అది ఫ్రెంచివాళ్ళ నోట పడి రూపం మారింది. గడ్డం గీయడానికి ఫ్రెంచిలో ఈనాటికీ ఆ మాటే వాడతారు. అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి దిగింది. సెలూన్లో రేజరూ, పిల్లల పెట్టెలో ఇరేజరూ దీని సొంత అన్నదమ్ములే. రోమన్లు మైనం పూసిన పలకల మీద రాసేవారు. పని అయిపోగానే గీకి, నున్న చేసి, మళ్ళీ రాసుకునేవారు. మధ్యయుగాల క్రైస్తవ మఠాల్లో రాతకు వాడే తోలు ఖరీదైంది గనక పాత గ్రంథం మీది అక్షరాలను కత్తితో గీకి దాని మీదే కొత్తది ఎక్కించేవారు. ఇంకా ఏ అనుభవమూ ఎక్కని మనసును తత్వవేత్తలు టాబులా రాసా అంటారే, దాని అర్థం గీకిన పలక. 16వ శతాబ్దానికి ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఈ గీకుడు కాగితం దాటి కోటల మీదికీ ఊళ్ళ మీదికీ పోయింది. భూమి మొహం మీద నుంచి ఊరిని గొరిగేయడం అన్నమాట.

పత్రికల్లో “రెయిజ్‌డ్ టు ద గ్రౌండ్” అని రాస్తుంటారు. గొరగడంలోనే నేల దాకా అన్న అర్థం ఉంది కాబట్టి వెనకున్న మూడు మాటలూ దండగ అని వాదించే వ్యాకరణ పండితులున్నారు. నాకంత పట్టింపు లేదు. మనమూ నేలమట్టం అంటే చాలదన్నట్టు “పూర్తిగా నేలమట్టం” అంటూనే ఉన్నాం. ఆ నేలమట్టంలోని మట్టం, తాపీ మేస్త్రీ గోడ మీద పెట్టి చూసుకునే రసమట్టంలోని మట్టం ఒకటే.

ఇంకో సంగతి. భాషాశాస్త్రజ్ఞులు ఈ లాటిన్ క్రియకు సంస్కృతంలో చుట్టరికం చూపిస్తారు. రద్ అనే ధాతువుకు గీరడం, కొరకడం అని అర్థం. దాన్నుంచి రదనం, అంటే పన్ను. ప్రబంధాల్లో ఏనుగును ద్విరదం అన్నది రెండు దంతాలున్నాయనే. రేజరుకూ ఏనుగు దంతానికీ ఇలా వియ్యం కుదిరిందని చెబితే మా తెలుగు మాస్టారు సంబరపడి ఆ పూట స్టాఫ్‌రూములో అందరికీ టీలు తెప్పించారు.

కూల్చడానికే ఇంగ్లీషులో ఉన్న ఇంకో మాట డిమాలిష్. దాని వంశం వేరు. లాటిన్‌లో మోలెస్ అంటే పెద్ద ముద్ద, బరువైన కట్టడం. అందులోంచి మోలీరి అనే క్రియ వచ్చింది. చెమటోడ్చి కట్టడం అని అర్థం. దాని ముందు డె చేరిస్తే కట్టినదాన్ని విప్పడం అవుతుంది. అదే ముద్దకు చిన్నతనం అంటగడితే సైన్సు పుస్తకంలో మాలిక్యూల్ తయారైంది. డిస్ట్రాయ్ కథా ఇలాంటిదే. అందులోని స్ట్రుయెరె అంటే పేర్చడం, స్ట్రక్చర్ దాని బిడ్డే. అంటే డిమాలిష్ చేయాలంటే ముందు ఎవరో కట్టి ఉండాలి, ఆ సంగతి మాటలోనే ఉంది. రెయిజ్‌లో కట్టడం ఊసు లేదు, కత్తి ఒక్కటే ఉంది. నిఘంటువులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి సమానార్థకాలు అంటాయి. మా గుంటూరు, ప్రకాశం నేలల్లో కూలినవాటిని చూసుకుంటూ వచ్చాక, నాకు అవి సమానార్థకాలుగా కనిపించవు.

మొదట చెప్పాల్సింది అమరావతి గురించి. ఇప్పుడా మాట అనగానే రాజధాని గుర్తొస్తుంది గానీ, నేను చెప్పేది కృష్ణ ఒడ్డున అమరేశ్వరస్వామి గుడి ఉన్న పాత ఊరు. జిల్లాలు విడగొట్టాక 2022 నుంచి అది పల్నాడు జిల్లాలో ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఆ ఊరి పక్కన ఒక దిబ్బ ఉండేది. జనం దాన్ని దీపాలదిన్నె అనేవారు. లోపల ఉన్నది శాతవాహనుల కాలంలో వెలిగిన మహాచైత్యం. పల్నాటి సున్నపురాతి పలకల మీద బుద్ధుడి కథలు, తామరపూలు, పూలదండలు మోసే మరుగుజ్జులు, నేను పైన చెప్పిన ద్విరదాలు.

1796 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన మకాం చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చి కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టాడు. పట్నానికి ఇటుకా రాయీ కావాలి. దిన్నె తవ్వితే రెండూ దొరికాయి. తవ్వేవాళ్ళకు అదొక గని. ఈస్టిండియా కంపెనీలో సర్వే పని చూసే కాలిన్ మెకంజీ ఈ కబురు విని ఆ శతాబ్దం ముగిసేలోపే వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. ఆయన తన మనుషులను కూర్చోబెట్టి మిగిలిన పలకలకు బొమ్మలు గీయించాడు. ఆ కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గీసిన తరవాత మాయమైన పలకలకు ఇప్పుడు ఆ గీతలే సాక్ష్యం.

పలకలు ఎటు పోయాయో కూడా మెకంజీ రాసిపెట్టాడు. శివగంగ చెరువు మెట్లకు కొన్ని, ప్రార్థనా మందిరాలకు కొన్ని. కొన్నిటి మీది శిల్పాన్ని ఇంకా గట్టి రాళ్ళతో రుద్ది, నున్న చేసి మరీ వాడారట. పైన చెప్పిన రెండు మాటల తేడా మొత్తం ఇక్కడ ఒక్కచోటే దొరుకుతుంది. చైత్యపు రాయి చెరువు మెట్టు కావడం డిమాలిష్. ఆ రాతి మీది బొమ్మను అరగదీయడం లాటిన్‌వాడు చెప్పిన అసలు రెయిజ్. సున్నపురాయి గనక బట్టీలో పడి సున్నమై ఎవరి గోడలకో పూతగా పోయినవీ ఉన్నాయి. మెట్టుగా మారిన పలకను ఎప్పటికైనా వెతికి పట్టుకోవచ్చు. బట్టీలో పడినదానికి ఆ అవకాశం లేదు.

వెంకటాద్రి నాయుణ్ణి ఒక్కణ్ణే బోనెక్కించడం నాకు ఇష్టం లేదు. ఆయనకు ముందూ తరవాతా చేతులు చాలా ఉన్నాయి. 1830ల్లో రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి కొన్ని పలకలను బందరు పట్టించుకుపోయి, తన పేరున వెలిసిన పేట నడిబొడ్డున అలంకారంగా పెట్టించాడు. 1845లో గుంటూరు కమిషనరు వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి మద్రాసు చేరి చాలాకాలం ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో వాటిని ఓడెక్కించారు, 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి దఖలు పడ్డాయి. అదే సంవత్సరం మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మిగిలినదంతా తవ్వి శుభ్రం చేయమని హుకుం వేశాడు. మరుసటి ఏడు పురావస్తు శాఖ తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి కనిపించింది గొయ్యి. కాపాడటానికని చేసిన ఈ తవ్వకం, ఇటుకల కోసం చేసిన తవ్వకం కంటే శుభ్రంగా గొరిగింది. చెన్నై మ్యూజియంలో, లండన్‌లో ఆ శిల్పాలు చూసి మురిసిపోయే మనవాళ్ళు తిరిగొచ్చి అమరావతిలో దిబ్బ దగ్గర నిలబడి, ఇంతేనా అంటారు.

అదే వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి గుడికి 11 అంతస్తుల గాలిగోపురం ఎత్తించాడు. గుంటూరు నుంచి బెజవాడ పోయే రైల్లో కిటికీ పక్కన చోటు దొరికితే ఇప్పటికీ కనిపిస్తుంది. ఎస్ ఉన్న రెయిజూ, జడ్ ఉన్న రెయిజూ ఒకే రాజు ఖాతాలో పడ్డాయి. మా వెనక బెంచీవాడి ప్రశ్నకు ఇంతకంటే తగిన రాజు నాకు తగల్లేదు.

అమరావతి దిన్నె తవ్వకానికి కొన్నేళ్ళ ముందే పారిస్‌లోనూ ఇదే పని నడిచింది. 1789లో జనం బాస్టీలు జైలును ముట్టడించాక, పల్వా అనే కాంట్రాక్టరు దాన్ని విప్పే పని పట్టాడు. రాళ్ళలో కొన్నిటిని బాస్టీలు నమూనాలుగా చెక్కించి పంచిపెట్టాడు. ఇంకొన్ని రాళ్ళు సేన్ నది మీద కట్టిన కాంకార్డ్ వంతెనలోకి పోయాయి. రాజుల జైలు రాళ్ళను జనం రోజూ తొక్కుకుంటూ నడుస్తున్నారని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అమరావతి మెట్లు తొక్కినవాళ్ళకు అవి ఎవరి రాళ్ళో తెలియదు. అదొక్కటే తేడా.

భట్టిప్రోలుది చిన్న కథే గానీ అసలు విషయం అందులో ఉంది. అక్కడి స్తూపాన్ని పగలగొట్టింది జమీందారులు కారు, సాక్షాత్తూ ఇంగ్లీషు ప్రభుత్వపు పనులవాళ్ళు. 19వ శతాబ్దంలో దాని ఇటుకలను రోడ్లకు, రాతిని కాలువ తూముకు వాడుకున్నారు. కృష్ణకు ఆనకట్ట వచ్చి డెల్టా అంతా కాలువలు పారుతున్న కాలం, దగ్గర్లో ఇటుక దొరికితే ఎవరు వదులుతారు? అయితే వాళ్ళకు కావలసింది పైనున్న సరుకు. అడుగు దాకా పోలేదు. 1892లో అలెగ్జాండర్ రీ ఆ అడుగును తవ్వితే రాతి భరిణెలు దొరికాయి, లోపల ధాతువులతో, మీద బ్రాహ్మీ లిపిలో రాతలతో. తెలుగునాట రాత చరిత్ర చెప్పే ఏ పుస్తకమూ ఆ భరిణెలను దాటిపోలేదు. కాంట్రాక్టరు నిజంగా రెయిజ్ చేసి ఉంటే మనకు భట్టిప్రోలు లిపి అనే మాటే ఉండేది కాదు.

విప్పడంలో మర్యాద ఎలా ఉంటుందో నాగార్జునకొండలో చూడాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాముకు పునాదిరాయి వేశారు. లోయ మునగడం ఖాయమైంది. ఇక్ష్వాకుల విజయపురి అంతా ఆ లోయలోనే ఉంది. పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని విప్పి, కొండ మీదికీ ఒడ్డునున్న అనుపుకీ చేర్చి, తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు ఆ కొండ నీళ్ళ మధ్య దీవి. దీనికి ఇంగ్లీషులో డిస్‌మాంటిల్ అని ఇంకో క్రియ ఉంది. మొదట దాని అర్థం పై వస్త్రం తీసేయడం. తరవాత కోటకు గోడలు ఊడబీకడం అయింది. నాగార్జునకొండలో మాత్రం వస్త్రం తీసి, మడతపెట్టి, మళ్ళీ తొడిగారు.

రాజులూ డ్యాములూ అలా ఉంచి, మా ఊళ్ళ సంగతికొస్తాను. మెట్ట పల్లెల్లో చాలాచోట్ల పొలాల మధ్య పాటిదిబ్బ ఉంటుంది. ఎప్పుడో పాడుబడ్డ ఊరు అది. కూలిన మట్టిగోడలు, బూడిద, పెంట, ఎముకలు తరాలుగా కలిసిపోయిన ఆ పాటిమన్ను పైరుకు మంచి సత్తువ. మా నాన్న హయాంలో ఎండాకాలం బండ్లు కట్టి పాటిమన్ను తోలించి మిరప వేసే చేలో చల్లేవారు. పొడిగా ఉన్న మన్నులో కుండపెంకులు, పూసలు తగిలేవి. అంటే ఒక పాత ఊరు మిరపకాయై గుంటూరు యార్డుకు పోయిందన్నమాట. పురావస్తు శాఖవాళ్ళు వింటే గుండె బాదుకుంటారు. వాళ్ళ బాధ న్యాయమే. రైతుకు మాత్రం ఆ ఊరు పనికొచ్చిన తీరు అది.

ఇళ్ళ విషయంలో మా వైపు కూల్చడం అనే మాటకంటే విప్పడం అనేదే ఎక్కువ వినపడేది. “ఈ వేసవికి ఇల్లు విప్పుతున్నాం” అనేవారు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద కట్టిన గోడకు బీట ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అందుకే ఇల్లు విప్పి మళ్ళీ కట్టుకోవడం తరానికోసారి మామూలే. ఇళ్ళు విప్పే మేస్త్రీ ఒకాయన మా ఊళ్ళో ఉన్నాడు. తండ్రి కాలం నుంచీ ఇదే పని. ఆయన వరస ఎప్పుడూ తప్పదు. ముందు పెంకు దించాలి. తరవాత బద్దలు, వాసాలు, దూలాలు. బరువంతా దిగాక ద్వారబంధాలు, కిటికీలు. గోడ చివర. దూలం బర్మా టేకు అయితే దాన్ని మోకు కట్టి దించేటప్పుడు ఆయన ఎవర్నీ మాట్లాడనివ్వడు. పెంకు సగం పశువుల కొట్టానికి, దూలం చిలకలూరిపేట పాత కలప అడితికి, నాపరాళ్ళు బావి గట్టుకు, ఇటుక కొత్త ఇంటి పునాదికి. గోడమట్టి కూడా ఎరువు కిందే లెక్క. పొగాకు సాగు తగ్గాక మా వైపు ఆకు ఆరబెట్టే బ్యారన్లు చాలా ఇలాగే విప్పారు. పొగ గొట్టాలు పాత ఇనుముకు పోయాయి. మట్టితో పెట్టిన ఇటుక గనక ఒక్కటీ చిట్లకుండా ఊడి వచ్చింది.

“సిమెంటొచ్చాక మా పనికి కాలం చెల్లిపోయింది మాస్టారూ” అన్నాడాయన. “సున్నంతో పెట్టిన ఇటుకని గునపంతో తడితే ఊడొచ్చుద్ది. సిమెంటుతో పెట్టిందాన్ని కొడితే ఇటుకే పగులుద్ది గానీ అతుకు వదల్దు. ఇంక శ్లాబంటారా, దాన్ని యెట్టా విప్పుతాం?”

ఇంత సూటిగా కారణం చెప్పినవాణ్ణి నేను పుస్తకాల్లో చూడలేదు. డిమాలిష్‌లో ఉన్న విప్పడానికి అవకాశమిచ్చింది సున్నం. ఆ అవకాశాన్ని తీసేసింది సిమెంటు. శ్లాబులో ఇనప ఊచలు తప్ప తీసి వాడుకునేది పెద్దగా మిగలదు. మిగతాదంతా పెళ్ళలు, ఎక్కడో గుంట పూడ్చడానికి. అందుకే గునపం పోయి జేసీబీ వచ్చింది. జేసీబీ అనేది యంత్రం పేరు కూడా కాదు. 1945లో ఇంగ్లండులో కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే మనిషి పొడి అక్షరాలవి. మన దేశంలో 1979 నుంచి తయారవుతున్నాయి. ఇప్పుడు ఏ కంపెనీ పసుపు బండి వచ్చినా మనకు జేసీబీయే. “ఇంటికి జేసీబీ పెట్టించారు” అంటే చాలు, కూల్చారని వేరే చెప్పక్కర్లేదు.

2019 జూన్ 25 రాత్రి ఉండవల్లిలో కృష్ణ కరకట్ట పక్కనున్న ప్రజావేదికకు పెట్టించింది కూడా ఈ బండ్లనే. అప్పటిదాకా కలెక్టర్ల సదస్సు జరిగిన హాలు అది. సబబా కాదా అనేది పార్టీలవాళ్ళు తేల్చుకుంటారు, నా లెక్క వేరే. 2024 జూన్‌లో చంద్రబాబు నాయుడు మళ్ళీ ముఖ్యమంత్రి అయి చూడబోయినప్పుడు కూడా ఆ శిథిలాలు అక్కడే పడి ఉన్నాయి. గొరిగితే నేల నున్నగా ఉండాలి. విప్పితే సరుకు ఇంకో గోడలో ఉండాలి. రెండూ జరగనిదానికి ఏ క్రియ వాడాలో నాకు ఇంగ్లీషులోనూ తోచదు, తెలుగులోనూ తోచదు.

ఈ మధ్య వీధి చివర శ్లాబు ఇల్లు ఒకటి తీసేస్తుంటే మేస్త్రీ చూడటానికి వచ్చాడు. పని ఆయనది కాదు, ఊరికే నిలబడ్డాడు. నేను ఊరుకోలేక ఆ ఇంగ్లీషు క్రియలు రెంటినీ ఆయనకు వివరించాను. ఓపిగ్గా విన్నాడు.

“అంత కతేం లేదు మాస్టారూ” అన్నాడు. “పెంకుటిల్లు విప్పితే సరుక్కి మేమే మీకు డబ్బులిచ్చేవాళ్ళం. ఇదయితే మీరే బండోడికి ఇచ్చుకోవాల.”

గంటకు ఎంత తీసుకుంటున్నారని అడిగాను. చెప్పాడు. పెళ్ళలు ఎత్తి అవతల పోయడానికి ట్రాక్టరు మళ్ళీ వేరే అట.